ఆడని డిస్కు, తీరని బాకీ

మా ఇంట్లో ఒక బాకీ పదిహేనేళ్ళు నడిచింది. అది బ్యాంకు బాకీ కాదు, పురుగుమందుల కొట్టు బాకీ కాదు. అలాంటివి రైతు ఇంట్లో ఎప్పుడూ ఉండేవే. పంట చేతికొస్తే తీరుస్తాం, రాకపోతే నోటు తిరగరాస్తాం. ఇది వేరే రకం. ఇచ్చే స్తోమత ఉండి కూడా ఇవ్వకూడదని మా నాన్న పట్టుబట్టి ఉంచుకున్న బాకీ. మొత్తం 1,500 రూపాయలు. పుచ్చుకోవలసింది పక్క ఊరి వీడియో ఆయన. ఎందుకివ్వలేదంటే, ఆయన తీసిన పెళ్ళి డిస్కు మా ఇంట్లో ఆడలేదు.

నిజానికి ఈ సంచికకు నేనొక కవిత ఇద్దామనుకున్నాను. మా యూనియన్ సెక్రటరీ, “కవితలు నలభై దాకా వచ్చినయ్. సైన్సు వాళ్ళు సైన్సు రాయండి, పుణ్యముంటుంది” అన్నాడు. సరే, ఇందులో సైన్సు ఉంది. అయితే దాంతోపాటు మా ఇంటి సంగతి కూడా కొంత బయటపెట్టాల్సి వస్తున్నది. నాన్నకు చెప్పే రాస్తున్నాను. “రాసుకో, పేర్లు మాత్రం రాయబాక” అన్నాడు.

2009 ఫిబ్రవరిలో మా చిన్నత్త పెళ్ళయింది. నాకప్పుడు నాలుగేళ్ళు. ఆ పెళ్ళిలో నాకు గుర్తున్నవి రెండే రెండు: కుర్చీల వెనక గోనెపట్టా మీద పడి నిద్రపోవడం, వీడియో లైటు మొహాన పడి కళ్ళు మండటం. ఫొటోలకీ వీడియోకీ కలిపి 6,000కు మాట్లాడుకున్నారు. 4,500 ముందే ఇచ్చారు. మిగతా 1,500 డిస్కు చేతికొచ్చాక. ఆయన చిన్న టేపు కెమెరాతో తీసి, కంప్యూటర్లో కత్తిరించి కలిపి, పేర్లు వేసి, పాటలు పెట్టి, నెలరోజుల తర్వాత డిస్కు పట్టుకొచ్చాడు. టేపుల మీద అప్పటికే ఇంకో పెళ్ళి తీసేశాడు. వాళ్ళందరూ అంతే చేసేవాళ్ళు, టేపు ఖరీదు కదా.

మా ఇంట్లో ప్లేయరు 2004లో కొన్నది. ఆ ఏడు మినుములు బాగా పండాయట. దాని మీద మా నాయనమ్మ కుట్టిన అల్లికల గుడ్డ ఒకటి ఉండేది, ఇప్పటికీ ఉంది. ఆ సాయంత్రం వీధి వీధంతా మా వసారాలో కూచుంది. తాతయ్య నవారు మంచం టీవీ ముందుకి జరిపించుకున్నాడు. డిస్కు లోపలికి పోయింది. “లోడింగ్” అని పడింది. చాలాసేపు అదే. లోపల ఏదో రెండుసార్లు టిక్కుటిక్కుమంది. తర్వాత “నో డిస్క్” అని వచ్చింది.

తీసి తుడిచి పెట్టారు. మళ్ళీ అదే. నాయనమ్మ అన్నమయ్య కీర్తనల డిస్కు పెడితే పాడింది. సినిమా డిస్కు పెడితే ఆడింది. పెళ్ళిదే ఆడలేదు.

మర్నాడు వీడియో ఆయన ఇంకో డిస్కు తెచ్చాడు. అదీ ఆడలేదు. ఆ రోజు ఇద్దరి మధ్యా జరిగిన మాటలు మా అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

“మా ఇంట్లో బ్రహ్మాండంగా ఆడుద్ది అన్నా. కావాలంటే వచ్చి చూడు.”

“మీ ఇంట్లో ఆడితే మాకేం ఒరిగిందయ్యా? మా పెళ్ళి మా ఇంట్లో చూసుకోవాలా, మీ ఇంట్లో చూసుకోవాలా? అన్ని డిస్కులూ ఆడుతున్నయ్, నీది ఒక్కటే ఆడట్లేదంటే దాన్లో ఏం లేదన్నమాటే. బొమ్మ కనపడిన రోజున వచ్చి డబ్బు పట్టుకుపో.”

ఆయన మళ్ళీ రాలేదు. నాన్న కబురు చెయ్యలేదు. ఖాళీ డిస్కు అంటగట్టాడని మా ఊళ్ళో చెప్పుకున్నారు. మా ఊరివాళ్ళు ఆ తర్వాత పెళ్ళిళ్ళకు వేరే ఊరి నించి వీడియో పెట్టుకున్నారు. తాతయ్య 2011లో పోయాడు. ఫొటోలు ఉన్నాయి గాని, ఆయన గొంతు ఎక్కడా లేదు. అప్పట్లో మా ఇంట్లో ఉన్న ఫోను మాట్లాడ్డానికే పనికొచ్చేది. “ఆ డిస్కు ఆడి ఉంటే మాట వినేదాన్ని గదా” అని నాయనమ్మ తద్దినం నాడల్లా అనేది. వినీ వినీ నాన్న బాకీ మీద మరింత బిగుసుకుపోయాడు.

2023లో నేను సెకండియర్‌లో ఉండగా మాకు ఫిజిక్స్ లాబ్‌లో ఒక ప్రయోగం వచ్చింది. లేజరు కిరణాన్ని డిస్కు మీద కొట్టి, అది విడిపోయి గోడమీద పడే చుక్కల కోణం కొలిచి, డిస్కు మీద గీతల మధ్య దూరం లెక్కగట్టడం. ఖరీదైన గ్రేటింగు అక్కర్లేకుండా డిస్కే గ్రేటింగు. 650 నానోమీటర్ల ఎర్ర లేజరైతే సీడీకి మొదటి చుక్క సుమారు 24 డిగ్రీల దగ్గర పడుతుంది, డీవీడీకి 61 డిగ్రీలు దాటి పడుతుంది. లెక్కవేస్తే సీడీ గీతల మధ్య 1.6 మైక్రాన్లు, డీవీడీకి 0.74. అంటే సీడీలో ఒక చాలు పట్టే జాగాలో డీవీడీలో రెండు చాళ్ళు పడతాయి. డీవీడీలో ఎక్కువ పట్టడానికి ఇదొక కారణం. సీడీలో పట్టేది 700 మెగాబైట్లయితే డీవీడీలో 4.7 గిగాబైట్లు.

లాబ్‌లో డిస్కులన్నీ గీతలు పడి పాడయ్యాయి. దసరా సెలవులకు పోయినవాణ్ణి ఇంట్లో పాతవి ఏమన్నా ఉంటే తెద్దామని నాయనమ్మను అడిగాను. ఇనప్పెట్టె తీసి, పాత పట్టుచీర మడతల్లోంచి ఒక కట్ట ఇచ్చింది. అన్నిటికంటే అడుగున ఉన్నది తీస్తుంటే చెయ్యి పట్టుకుంది.

“అది చిన్నదాని పెళ్ళిది నాయనా. ఆడదు గాని పారెయ్యమాక.”

“పారెయ్యను నాయనమ్మా. గీత కూడా పడనివ్వను.”

అద్దంలాగా ఉంది. వెనకవైపు లేత ఊదారంగు. ముందువైపు మార్కరుతో అత్తయ్య పేరూ మామయ్య పేరూ, తేదీ. దాని కింద ముద్ర కొట్టిన అక్షరాలు. డీవీడీ అని ఉంది, దాని పక్కన చిన్న కూడిక గుర్తు, తర్వాత ఆర్.

ఆ కూడిక గుర్తే మా పదిహేనేళ్ళ గొడవ అని నాకప్పుడు తెలియదు. లాబ్‌లో చుక్కల పని అయ్యాక, మా డిపార్టుమెంటులో మూలనున్న పాత డెస్క్‌టాప్‌లో ఊరికే పెట్టి చూశాను. ఇప్పటి లాప్‌టాప్‌లకు డిస్కు పెట్టే గూడే లేదు కదా. డ్రైవు లైటు మినుకు మినుకుమంది. ఒక ఫోల్డరు తెరుచుకుంది. లోపల సక్రమంగా, డీవీడీ వీడియోకి ఎలా ఉండాలో అలాగే ఫైళ్ళన్నీ ఉన్నాయి. మొదటిది నొక్కాను.

వినాయకుడి బొమ్మ తిరిగింది. శుభలేఖ పడింది. పందిరి వచ్చింది. కాసేపటికి తాతయ్య వచ్చాడు. పంచె పైకి కట్టుకుని, వంటవాళ్ళ దగ్గర నిలబడి ఏదో చెబుతూ, హఠాత్తుగా కెమెరా వైపు తిరిగి చెయ్యి అడ్డం పెట్టుకుని అన్నాడు: “ఏందయ్యా, ఆ లైటు మొహాన కొట్టమాకయ్యా! పో, పోయి పెళ్ళికొడుకు మీద కొట్టు.”

అంతే. గంటా యాభై నిమిషాల డిస్కులో తాతయ్య మాట అదొక్కటే. నేను లాబ్‌లో ఒక్కణ్ణే కూచుని దాన్ని ఆరుసార్లు విన్నాను. అటెండరు వచ్చి తాళం వెయ్యాలన్నాడు.

హాస్టలుకొచ్చాక ఒకటే ఆలోచన. డిస్కులో ఉంది. ప్లేయరు బాగానే ఉంది, నిన్నమొన్నటిదాకా కీర్తనలు పాడింది. మరెందుకు ఆడలేదు? నాన్న చెప్పిందీ అబద్ధం కాదు, వీడియో ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. వాళ్ళిద్దరి మధ్యనా ఉన్నదేదో అబద్ధం చెప్పింది.

మొదట నాకు అనుమానం వచ్చింది వెలుతురు మీద. ఫ్యాక్టరీలో అచ్చుకొట్టిన డిస్కుకూ, మనం రాసుకునే డిస్కుకూ తేడా ఉంది. అచ్చు డిస్కులో నిజమైన గుంటలుంటాయి. రాసుకునే దాన్లో గుంటలుండవు, రంగు పూత ఉంటుంది. రాసే లేజరు వేడికి ఆ పూత చుక్కచుక్కగా మాడుతుంది. మాడినచోట వెలుతురు తక్కువగా తిరిగొస్తుంది, ప్లేయరు కంటికి అదే గుంటలా కనిపిస్తుంది. ఈ రంగుల సంగతి చిత్రమైనది. తొలినాటి డీవీడీ ప్లేయర్లు అచ్చు సీడీలను చదివేవి గాని, రాసుకున్న సీడీలను చాలావరకు చదవలేకపోయేవి. ఎందుకంటే సీడీ పూతను 780 నానోమీటర్ల లేజరు కోసం తయారుచేశారు. డీవీడీ లేజరు 650. ఆ రంగు వెలుతురును ఆ పూత మింగేసేది. చివరికి ప్లేయరులో రెండు లేజర్లు పెట్టాల్సి వచ్చింది. చెరిపి మళ్ళీ రాసుకునే డీవీడీలదైతే ఇంకో బాధ. అచ్చు డిస్కు 45 నించి 85 శాతం వెలుతురు తిప్పికొడితే, ఇవి 18 నించి 30 శాతమే. రెండు పొరల సినిమా డిస్కు కూడా అంతే తిప్పికొడుతుంది కాబట్టి, కొన్ని పాత ప్లేయర్లు వీటిని చూసి రెండు పొరలున్నాయనుకుని, లేని రెండో పొర కోసం వెతుక్కునేవి.

కాని మాది చెరిపి రాసే రకం కాదు. ఒక్కసారే రాసేది. దాని వెలుతురు అచ్చు డిస్కుకు దగ్గరగానే ఉంటుంది. అంటే వెలుతురు కాదన్నమాట. సరిగా ముగింపు రాయకుండా వదిలేశాడేమో అనుకున్నాను. అలా వదిలేసిన డిస్కును కూడా ఇంటి ప్లేయర్లు చదవవు. డ్రైవులో పెట్టి చూస్తే ముగింపు రాసే ఉంది. ఆయన పని ఆయన చేశాడు.

ఇక మిగిలింది కూడిక గుర్తు. దాని కథ చదివితే మా ఊళ్ళో రెండు పార్టీల కథలాగే ఉంది. డీవీడీ 1996లో జపాన్‌లో మొదట అమ్మకానికొచ్చింది. రాసుకునే డిస్కు 1997లో పయొనీరు వాళ్ళది వచ్చింది. దానికి పేరు మధ్య ఒక చిన్న అడ్డగీత. డీవీడీ ఫోరం అనే కంపెనీల కూటమి దానికి ముద్ర వేసింది. ఫిలిప్స్, సోనీ, హ్యూలెట్ పాకార్డ్, రికో, యమహా వగైరాలకు అది నచ్చలేదు. వాళ్ళు వేరే కూటమి కట్టి, అడ్డగీత బదులు కూడిక గుర్తు పెట్టుకున్నారు. వాళ్ళ ఒకసారి రాసే డిస్కు 2002లో వచ్చింది. అడ్డగీతను జనం ‘మైనస్’ అనడం మొదలుపెట్టారు. మొదటివాళ్ళకు అది కష్టంగానే ఉండి ఉంటుంది, తమ సరుకును ఎవరు తీసివేత అనిపించుకుంటారు?

రెండిటికీ కొలత ఒకటే, వెడల్పు ఒకటే, లేజరు ఒకటే, పట్టే సరుకు ఇంచుమించు ఒకటే. తేడా అడ్రసులో ఉంది. ఖాళీ డిస్కు మీద రాసేవాడికి తానెక్కడున్నాడో తెలియాలి కదా. దాని మీద ఫ్యాక్టరీలోనే ఒక చాలు తీసి ఉంచుతారు, లోపలి నించి బయటికి చుట్టుకుంటూ పోయే ఒకే ఒక చాలు. అడ్డగీత డిస్కులో చాలుకీ చాలుకీ మధ్య ఉన్న గట్టు మీద హద్దురాళ్ళు పాతినట్టు గుర్తులు పెట్టారు. కూడిక డిస్కులో గట్టు మీద ఏమీ ఉండదు. చాలునే సన్నగా వంకర తిప్పి, ఆ వంకరలోనే అడ్రసు రాశారు. దుక్కి దున్నినవాడికి ఇది వెంటనే తెలుస్తుంది. నాన్నకు ఇంతవరకే చెప్పగలిగాను, ఇంతవరకు ఆయన శ్రద్ధగానే విన్నాడు.

అయితే ఈ హద్దురాళ్ళు రాసేవాడికే గాని, ఆడించే ప్లేయరుకు అవసరం లేదు. ప్లేయరును ఆపింది ఇంకోటి. డిస్కు లోపలి అంచున, సినిమా మొదలు కాకముందు, డిస్కు తనను గురించి తాను చెప్పుకునే భాగం ఒకటుంది. ప్లేయరు మొదట చదివేది దాన్నే. అందులో నాలుగంటే నాలుగు బిట్లు డిస్కు ఏ జాతిదో చెబుతాయి. అచ్చు డిస్కయితే 0000. అడ్డగీత డిస్కయితే 0010. కూడిక డిస్కయితే 1010. పాత ప్లేయర్లలో కొన్నిటికి 1010 అంటే ఏమిటో తెలియదు. తెలియనప్పుడు “నీ సంగతి నాకు తెలియదు” అనొచ్చు కదా. అలా అనదు. “డిస్కు లేదు” అంటుంది. లోపల డిస్కు పెట్టుకుని, లేజరు కింద తిప్పుతూ, డిస్కు లేదంటుంది. పల్లెటూళ్ళో ఆ మాట విన్నవాడు డిస్కులో ఏమీ లేదనే అర్థం చేసుకుంటాడు. నాకు ఈ వ్యవహారం మొత్తంలో కోపం వచ్చింది ఇక్కడే. రెండు కూటములూ కొట్టుకున్నాయి, సరే. 2002లోనే సోనీ రెండూ రాసే డ్రైవు తెచ్చింది, ఆ తర్వాత అందరూ రెండూ రాసేవే చేశారు, రాజీ పడ్డారు. 2004లో ప్లేయరు కొన్నవాడికి ఆ రాజీ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇది నా ఊహ. ఊహను లాబ్ రికార్డులో రాస్తే మా మేడం ఎర్రసిరా పెడుతుంది. కాబట్టి 2024 సంక్రాంతికి ఇంటికి పోయేముందు మూడు కొత్త డిస్కులు రాశాను. ఖాళీ డిస్కులు దొరకడమే కష్టమైంది. బస్టాండు దగ్గర ఒక స్టేషనరీ కొట్లో అటక మీదినించి దుమ్ము దులిపి ఇచ్చాడు. 2007లో మోజర్ బేర్ వాళ్ళు సినిమా వీసీడీ 28 రూపాయలకూ డీవీడీ 34 రూపాయలకూ అమ్మిన దేశం ఇది. డిస్కులు చెయ్యడంలో ప్రపంచంలోనే పెద్ద కంపెనీల్లో అదొకటి. 2018లో కోర్టు దాన్ని మూసి అమ్మేయమన్నది. ఇప్పుడు ఖాళీ డిస్కు అడిగితే కొట్లో కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు.

మూడిట్లోనూ అదే పెళ్ళి. మొదటిది అడ్డగీత డిస్కు. రెండోది కూడిక డిస్కు, ఉన్నదున్నట్టు. మూడోది కూడా కూడిక డిస్కే, కాని రాసేటప్పుడు ఆ నాలుగు బిట్లను 0000గా మార్చి రాశాను. కూడిక డిస్కులో ఆ వెసులుబాటు ఉంది, డ్రైవు ఒప్పుకోవాలి, మా డిపార్టుమెంటు డ్రైవు ఒప్పుకుంది. ఒకసారి రాశాక మాత్రం మార్చడం కుదరదు. అందుకే అత్తయ్య అసలు డిస్కుకు నేను చెయ్యగలిగింది ఏమీ లేదు.

భోగి నాడు సాయంత్రం ప్లేయరు మీది గుడ్డ తీసి, పసుపు, ఎరుపు, తెలుపు తీగలు కొత్త టీవీకి తగిలించాను. ఎందుకురా ఈ అవస్థ, ఫోన్లో చూపించొచ్చుగా అంది అమ్మ. ఫోన్లో చూపిస్తే బొమ్మ కనపడుతుంది గాని, ఎవరిది తప్పో తేలదు. ముందు రెండోది పెట్టాను. లోడింగ్. టిక్కుటిక్కు. నో డిస్క్. నాన్న వసారాలోంచి, “చూశావా, నే చెప్పలా?” అన్నాడు. తర్వాత మూడోది పెట్టాను.

వినాయకుడి బొమ్మ తిరిగింది.

మొదటిదీ పెట్టాను. అదీ ఆడింది. రెండోదానికీ మూడోదానికీ నాలుగు బిట్ల తేడా తప్ప ఏమీ లేదు. అదే కొట్టు, అదే డ్రైవు, అదే రోజు. ఇంతకంటే తేటగా ఏ ప్రయోగమూ నాకు ఇంతవరకు రాలేదు.

నాయనమ్మకు ఇవేవీ పట్టలేదు. ఆమె టీవీకి మూరెడు దూరంలో కూచుంది. తాతయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని కసురుకున్నప్పుడు, “అంతే, ఆయనంతే, ఎవర్నైనా అట్టాగే కసిరేవాడు” అని నవ్వి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తలంబ్రాల దగ్గర బొమ్మ కాసేపు గళ్ళుగళ్ళుగా విడిపోయింది. పాత డిస్కులో పూత అక్కడ పోయినట్టుంది. అక్కడ ఎవరూ ఏమీ అనలేదు.

నాన్న గుమ్మం దగ్గర నిలబడే చూశాడు. అప్పగింతలు అయిపోయాక చెప్పులేసుకుని చేను వైపు పోయాడు. రాత్రి భోజనం దగ్గర కూడా మాట్లాడలేదు. కనుమ నాడు పొద్దున్నే నన్ను పిలిచి, 4,200 రూపాయలు లెక్కబెట్టి ఇచ్చాడు.

“అసలు పదిహేను వందలు. ధర్మవడ్డీ నూటికి రూపాయి చొప్పున నెలకు పదిహేను. పదిహేనేళ్ళకు రెండువేల ఏడు వందలు. పోయి ఇచ్చిరా.”

“నువ్వు రా నాన్నా.”

“నేనెందుకురా? నువ్వు కనిపెట్టావు, నువ్వే చెప్పు.”

నాకు అది న్యాయమనిపించలేదు. అన్నది నువ్వు కదా అని నోటిదాకా వచ్చింది. అనలేదు. చివరికి బండి తీశాడు. పక్క ఊళ్ళో ఆయన కొట్టుకు ఎదురుగా టీ బంకు దగ్గర ఆపి, “నువ్వెళ్ళు, నేను టీ తాగి వస్తా” అన్నాడు. గంటసేపు తాగాడు ఆ టీ.

ఆయన ఇప్పుడు వీడియోలు తియ్యడం లేదు. జెరాక్సు మిషనూ, ఫ్లెక్సీ బోర్డులకు ఆర్డర్లు పట్టడమూ. నేను ఫలానా ఆయన కొడుకునంటే వెంటనే గుర్తుపట్టాడు. నాలుగు బిట్ల సంగతి చెబుతుంటే, మధ్యలో జెరాక్సు కోసం వచ్చినవాళ్ళను కూచోబెట్టి మరీ విన్నాడు.

“యాభై డిస్కుల కట్ట బాబూ అది. ఎప్పుడూ తెచ్చేది లేదంటే కొట్టువాడు అది ఇచ్చాడు. రెండూ ఒకటే అన్నాడు. నా ప్లేయరు కొత్తది, ఆడింది. మీ ఊళ్ళో మూడిళ్ళలో ఆడలా. నా డ్రైవు పోయిందనుకున్నా. సగం రేటుకి అమ్మేసి వేరేది కొన్నా.” కాసేపాగి, “మూడిళ్ళలోనూ డబ్బు ఆగిపోయింది” అన్నాడు.

డబ్బు ఇచ్చాను. 1,500 లెక్కపెట్టి తీసుకుని మిగతా 2,700 తిరిగి నా చేతిలో పెట్టాడు. ఎంత చెప్పినా వినలేదు. “మీ నాన్న ఆ టీ బంకు దగ్గరే ఉన్నాడుగా, వచ్చి ఒకసారి కనపడమను” అన్నాడు. నేను వెళ్ళి చెప్పాను. నాన్న గ్లాసు కింద పెట్టి రోడ్డు దాటాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను బండి దగ్గరే ఉండిపోయాను. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా నాన్న మొక్కజొన్న ధర గురించే మాట్లాడాడు.

మిగతా రెండిళ్ళలో ఒకరు హైదరాబాదు వెళ్ళిపోయారు. రెండోది మాకు పెదనాన్న వరసయ్యే ఆయన ఇల్లు. ఉగాదికి వచ్చినప్పుడు వెళ్ళి అడిగాను. వాళ్ళ పెద్దబ్బాయి పెళ్ళి డిస్కు ఎక్కడుందో పెద్దమ్మకు గుర్తు రాలేదు. పెదనాన్నకు గుర్తొచ్చింది.

“జొన్నచేలో ఉందిరా. పిట్టలకు కట్టాం. ఏటా అదే కడతన్నాం, ఎండకు భలే మెరుస్తది.”

చేలోకి పోయాం. కంకులు పాలు పోసుకుని గింజ గట్టిపడుతున్నాయి. చేను మధ్యలో రెండు కర్రలకు కట్టిన తాడుకి నాలుగైదు డిస్కులు గాలికి తిరుగుతున్నాయి. ఒకదాని మీద ఊదారంగు దాదాపు పోయి, గాజులాగా అయింది. చిల్లు దగ్గర రెండు పలకలూ విడి కాస్త నోరు తెరుచుకున్నాయి. మార్కరు అక్షరాలు లేవు. కూడిక గుర్తు మాత్రం ఉంది.

పెదనాన్నకు మా సంగతంతా చెప్పాను. ఆయన చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని విన్నాడు. “అయితే దీన్లోనూ ఉందంటావా?” అన్నాడు. ఉండేదన్నాను. తాడు కోసి ఇచ్చాడు. అది పోయినచోట పిట్టలు రాకుండా నా దగ్గరున్న నో డిస్క్ డిస్కు, ఆ రెండోది, తెచ్చి కట్టాను.

కాలేజీకి తిరిగొచ్చి అదే డెస్క్‌టాప్‌లో పెట్టాను. డ్రైవు లైటు చాలాసేపు వెలిగింది. మూడుసార్లు తీసి పెట్టాను. మూడోసారి లోపల గరగరమని చప్పుడైతే భయపడి తీసేశాను. సాయంత్రం పెదనాన్నకు ఫోను చేసి చెప్పాను. ఆయన “సర్లే” అన్నాడు. తర్వాత, “ఆయనకు మేమివ్వాల్సింది రెండు వేలు. మీ నాన్న వడ్డీ ఎట్టా కట్టాడో కాస్త కనుక్కుని చెప్పు” అన్నాడు.